తాళం పడిన భృతి: అమెరికా నిరుద్యోగ బీమా వెబ్‌సైట్ల తీరుతెన్నులు

అమెరికాలో ఉద్యోగం పోయినవారికి కొంతకాలం అందే సొమ్మును తెలుగులో నిరుద్యోగ భృతి అనడం అలవాటైపోయింది గాని, ఆ మాటలో ధ్వనించే దయాదాక్షిణ్యాల ఛాయ ఆ ఏర్పాటుకు బొత్తిగా నప్పదు. అది అచ్చంగా బీమా. ఉద్యోగి పనిలో ఉన్నంతకాలం అతని జీతాన్ని లెక్కగట్టి యజమాని కేంద్రానికీ రాష్ట్రానికీ విడివిడిగా కట్టే పన్నే దానికి ప్రీమియం. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో ఉద్యోగి జీతం నుంచి కూడా కొంత కోత పడుతుంది. 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం ఇందుకు తొలి చట్టం చేయగా, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేసిన సామాజిక భద్రతా చట్టం ఆ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేసింది. అయితే ఆ చట్టం అన్ని పనులనూ ఒక్క కేంద్ర కార్యాలయం చేతిలో పెట్టలేదు. చట్రాన్ని కేంద్రం చేతిలో ఉంచి, అర్హతలు నిర్ణయించడం, సొమ్ము చెల్లించడం రాష్ట్రాలకు వదిలింది. 50 రాష్ట్రాలకు వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, వర్జిన్ దీవులు కలిపితే 53 పాలనా ప్రాంతాలు, 53 రకాల నిబంధనలు, దాదాపు అన్నే రకాల వెబ్‌సైట్లు తయారయ్యాయి. కాలిఫోర్నియాలో వారానికి 40 నుంచి 450 డాలర్ల వరకు, గరిష్ఠంగా 26 వారాల పాటు చెల్లిస్తారు; ఫ్లోరిడాలో వారానికి 275 డాలర్లే గరిష్ఠం, పైగా రాష్ట్రంలో నిరుద్యోగ రేటు తక్కువగా ఉన్నప్పుడు 12 వారాలతో సరి. ఒక రాష్ట్రంలో పనిచేసిన బంధువు చెప్పిన సలహా పక్క రాష్ట్రంలో చెల్లకపోవడానికి కారణం ఇదే.

భృతి పొందే ప్రక్రియలో రెండు దశలున్నాయి, ఈ రెంటినీ ఒకటిగా పొరబడడంతోనే చాలామంది కష్టాలు మొదలవుతాయి. మొదటిది ప్రారంభ క్లెయిమ్, అంటే ఉద్యోగం పోయిన వెంటనే ఒక్కసారి పెట్టుకునే దరఖాస్తు. అందులో యజమానుల పేర్లు, పనిచేసిన తేదీలు, పని ఆగిపోవడానికి కారణం ఇవ్వగా, రాష్ట్ర శాఖ బేస్ పీరియడ్ అనే కాలంలోని జీతాన్ని చూసి వారపు మొత్తాన్ని తేలుస్తుంది. సాధారణంగా పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగింటిని బేస్ పీరియడ్ అంటారు. రెండోది సర్టిఫికేషన్, అంటే తాను ఇంకా నిరుద్యోగినేననీ, పని చేయగలననీ, పని కోసం వెతుకుతున్నాననీ వారానికో రెండు వారాలకో ఒకసారి ఇచ్చే ధ్రువీకరణ. దరఖాస్తు ఆమోదం పొందినా సర్టిఫికేషన్ ఇవ్వకపోతే ఆ వారానికి డబ్బు రాదు. కాలిఫోర్నియా సర్టిఫికేషన్‌లో అడిగే ఒక ప్రశ్న ఇందులోని మెలికను చక్కగా పట్టిస్తుంది: అనారోగ్యమో గాయమో కాక, ఆ వారంలో ఏ రోజైనా పూర్తికాలపు పని స్వీకరించలేకపోవడానికి మరేదైనా కారణం ఉందా అని అది అడుగుతుంది. పనికి సిద్ధంగా ఉన్న మనిషి అక్కడ చెప్పవలసింది ‘లేదు’ అని. పని చేయగలరా అని అడిగినట్లు చదువుకుని, చేయగలనన్న అర్థంలో ‘అవును’ మీద నొక్కినవారి చెల్లింపు నిలిచిపోయి, అధికారి ఫోన్‌లో విచారించేదాకా కదలకుండా ఉండిపోతుంది. సంపాదన గురించిన ప్రశ్నలోనూ ఇలాంటి కిటుకే ఉంది. అక్కడ చూపవలసింది ఆ వారం చేతికి వచ్చిన జీతం కాదు, ఆ వారం పనిచేసి సంపాదించిన జీతం, అదీ కోతలకు ముందటి మొత్తం.

ఇక వెబ్‌సైటు. బయటి నుంచి చూస్తే ఒకటే ద్వారంలా కనిపించే ఈ వ్యవస్థలో నిజానికి ఒకదాని వెనుక ఒకటిగా రెండు మూడు తలుపులుంటాయి. కాలిఫోర్నియాలో ఈ పనులు చూసే ఉపాధి అభివృద్ధి శాఖను అందరూ ఈడీడీ అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. అక్కడ మొదటి తలుపు మైఈడీడీ. ఈమెయిల్, పాస్‌వర్డ్, ఫోన్‌కో మెయిల్‌కో వచ్చే ఓటీపీ ఉంటే అది తెరుచుకుంటుంది. దాని లోపల యూఐ ఆన్‌లైన్ అనే మరో గది ఉంది. క్లెయిమ్, సర్టిఫికేషన్, చెల్లింపుల వివరాలన్నీ అందులోనే ఉంటాయి. దానిలో నమోదు కావడానికి ఈడీడీ కస్టమర్ అకౌంట్ నంబరు అనే పది అంకెలు అడుగుతుంది, ఆ అంకెలు తపాలాలో వస్తాయి. ఈ రెండింటికీ తోడు గుర్తింపు తనిఖీ అనే మూడో మెట్టు కూడా ఉంది. టెక్సస్‌లో వెబ్‌సైటుకు ఒక యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఉండగా, టెలీ-సర్వ్ అనే ఫోన్ మార్గానికి వేరే నాలుగంకెల పిన్ కావాలి. కాబట్టి ‘లాగిన్ కావడం లేదు’ అన్న ఫిర్యాదుకు విడిగా అర్థమేమీ లేదు. ఏ తలుపు దగ్గర ఆగిపోయారన్నది తేలితే తప్ప ఏ తాళంచెవి కావాలో తెలియదు. మొదటి తలుపు దగ్గర ఆగినవారికి పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపోతుంది, రెండో తలుపు దగ్గర ఆగినవారు ఎన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా ఉపయోగం ఉండదు.

ఇన్ని తలుపులు ఎందుకు పుట్టుకొచ్చాయన్నదానికి సమాధానం అమెరికాలో ఆధార్ లాంటిది లేకపోవడంలో ఉంది. అక్కడ మనిషిని గుర్తించడానికి వాడే సోషల్ సెక్యూరిటీ నంబరు 1936లో జీతాల లెక్క రాసుకోవడానికి పుట్టిన తొమ్మిదంకెల సంఖ్య మాత్రమే. దాని కార్డు మీద ఫోటో ఉండదు, దాని వెనుక వేలిముద్ర ఉండదు. అందరికీ చెప్పకూడని రహస్యంగానూ, బ్యాంకు నుంచి ఆసుపత్రి దాకా అందరూ అడిగే గుర్తుగానూ ఏకకాలంలో వాడుకలో ఉన్న ఆ సంఖ్య ఎంతోకాలం రహస్యంగా నిలవలేదు. 2017లో ఈక్విఫాక్స్ అనే రుణ చరిత్రల సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాక, పేరూ పుట్టినతేదీ సోషల్ సెక్యూరిటీ నంబరూ చెప్పగలిగిన ప్రతివాడూ అసలు మనిషే అనుకునే వీలు పోయింది. అయినా పాత అలవాటు కొనసాగుతుండగానే కోవిడ్ వచ్చిపడింది. అంతకుముందు ఒక్క వారంలో నమోదైన దరఖాస్తుల రికార్డు 1982 అక్టోబరు నాటి 6.95 లక్షలు కాగా, 2020 మార్చి ఆఖరు వారంలో అది 60 లక్షలు దాటిపోయింది. వారానికి 600 డాలర్లు అదనంగా ఇచ్చేందుకు, సొంత పనులు చేసుకునేవారిని కూడా చేర్చుకునేందుకు మార్చి 27న కేంద్రం చట్టం చేయగా, ఆ సొమ్ము త్వరగా అందాలన్న తొందరలో మొదట తనిఖీలు సడలాయి. దొంగిలించిన పేర్లతో, ఖైదీల పేర్లతో, మరణించినవారి పేర్లతో క్లెయిములు వెల్లువెత్తాయి. ఆ కాలంలో మోసగాళ్ల చేతికి పోయిన మొత్తం 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల మధ్య ఉండవచ్చని కేంద్ర పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏఓ 2023లో అంచనా వేసింది.

తలుపులకు తాళాలు పెరిగింది ఆ తర్వాతే. కాలిఫోర్నియా 2020 సెప్టెంబరు చివర రెండు వారాలు కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు నుంచి ఐడీ డాట్ మీ అనే ప్రైవేటు సంస్థ ద్వారా గుర్తింపు తనిఖీ మొదలుపెట్టింది. ఇంకా అనేక రాష్ట్రాలు అదే దారి పట్టాయి. దరఖాస్తుదారు తన డ్రైవింగ్ లైసెన్సునో పాస్‌పోర్టునో ఫోటో తీసి పంపి, ఆపైన ఫోన్ ముందు తన ముఖం చూపించి సెల్ఫీ దిగాలి. యంత్రం రెండూ పోల్చి ఒప్పుకోకపోతే వీడియో కాల్‌లో ఒక ఉద్యోగికి పత్రాలు చూపించాలి. మంచి ఫోన్, నిలకడైన ఇంటర్నెట్, గీతలు పడని కార్డు ఉన్నవారికి ఇది పది నిమిషాల పని. ఇవేవీ లేని మనిషికి, అందులోనూ ఉద్యోగం పోయి ఫోన్ బిల్లు కట్టలేని స్థితిలో ఉన్న మనిషికి, అది గోడ. నిరుద్యోగులకు తాళం వేసి దొంగలను ఆపడమంటే ఎలుకల బెడదకు ధాన్యం కొట్టు మూసి తాళంచెవి పారేసినట్లే అని విమర్శించినవారి మాటలో అతిశయోక్తి కొంత ఉన్నా, అసలు తాళమే లేని కొట్టు సంగతి 2020 చూపించిందని కూడా ఒప్పుకోక తప్పదు.

తాళం పడే కారణాల్లో అన్నిటికన్నా మామూలుది అన్నిటికన్నా విచిత్రమైనది కూడా. ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు కంపెనీ ఇచ్చిన ఈమెయిల్‌తో నమోదైనవారు, లేఆఫ్ అయిన రోజు మధ్యాహ్నానికే ఆ మెయిల్ పెట్టెను పోగొట్టుకుంటారు. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు వెళ్లేది ఆ మూతపడిన పెట్టెలోకే. కంపెనీ ఇచ్చిన ఫోన్ నంబరు విషయమూ అంతే, ఓటీపీ ఎవరికో పోతుంది. ఏళ్ల క్రితం మరో లేఆఫ్‌లో తెరిచిన ఖాతా గుర్తులేక కొత్తది తెరవబోతే, ఈ సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఖాతా ముందే ఉందన్న సందేశం ఎదురవుతుంది. ఆ పాత ఖాతా తనదే కావచ్చు, లేదా తన పేరుతో మోసగాడు తెరిచినది కావచ్చు. తెర మీద కనిపించే వాక్యం మాత్రం రెండిటికీ ఒకటే. ఆ స్థితిలో వేరే మెయిల్‌తో మరో ఖాతా తెరవడానికి ప్రయత్నించడం సహజమే అయినా అది పనిని చెడగొడుతుంది, ఎందుకంటే ఒకే నంబరు మీద రెండు ఖాతాలు కనబడగానే తనిఖీ వ్యవస్థ రెండిటినీ అనుమానిస్తుంది.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు పేరుది. ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక రాసుకునే సంప్రదాయాన్ని ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు గళ్లలో ఇమడ్చడానికి ఒక్కొక్క దఫ్తరులో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా ప్రయత్నించిన ఫలితంగా, ఒకే మనిషికి పాస్‌పోర్టులో ఒక వరస, సోషల్ సెక్యూరిటీ రికార్డులో మరో వరస, లైసెన్సులో మూడో వరస ఏర్పడుతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారి వీసా మీద అది ఇంటిపేరు గడిలో చేరి, రెండో గడిలో ‘పేరు తెలియదు’ అని అర్థమిచ్చే ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు పడతాయి. ఆ అక్షరాలే కొన్నిచోట్ల అసలు పేరై కూర్చుంటాయి. మూడు రికార్డులను అక్షరం అక్షరం పోల్చే యంత్రానికి ఇవి ముగ్గురు మనుషులు. ఇలాంటప్పుడు నిరుద్యోగ శాఖతో వాదించడం కన్నా ముందుగా సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలోనో లైసెన్సు ఇచ్చే శాఖలోనో తేడాను సరిదిద్దుకోవడం దగ్గరి దారి. పౌరసత్వం లేనివారి విషయంలో దీనికి మరో మెట్టు తోడవుతుంది. రాష్ట్ర శాఖ వారి పని అనుమతిని సేవ్ అనే కేంద్ర వలస శాఖ వ్యవస్థతో సరిచూసుకుంటుంది గనుక, గ్రీన్ కార్డు మీది నంబరులో ఒక్క అంకె తప్పు పడినా క్లెయిమ్ ఆగుతుంది.

హెచ్-1బీ వీసాదారుల సంగతి ఇక్కడ స్పష్టం చేయడం అవసరం. పని చేయడానికి చట్టరీత్యా అందుబాటులో ఉండాలన్న నియమం వల్ల, ఒకే యజమానికి కట్టుబడిన ఆ వీసాదారులకు సాధారణంగా భృతి దొరకదు. ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు మాత్రం ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు, ఏ యజమాని దగ్గరైనా పనిచేసే ఈఏడీ అనే అనుమతి పత్రం ఉన్నవారు తక్కిన అర్హతలుంటే క్లెయిమ్ చేసుకోవచ్చు. భృతి తీసుకుంటే ప్రభుత్వానికి భారమైనవారిగా ముద్రపడి వలస కేసు దెబ్బతింటుందన్న భయం తెలుగు కుటుంబాల్లో బలంగా ఉన్నా, 2022లో ఖరారైన కేంద్ర నియమావళి నిరుద్యోగ బీమాను ఆ లెక్కలోకి తీసుకోలేదు. అయితే ఉద్యోగం పోయిన తీరికలో అమ్మానాన్నలను చూడడానికి హైదరాబాదుకో విజయవాడకో వచ్చి, అక్కడి నుంచి సర్టిఫికేషన్ ఇవ్వడం వేరే సంగతి. విదేశంలో ఉన్న వారాల్లో మనిషి పనికి అందుబాటులో లేనట్లే లెక్క, పైగా అనేక రాష్ట్రాల వెబ్‌సైట్లు అమెరికా బయటి ఇంటర్నెట్ చిరునామాలను రానివ్వవు. ఆ అడ్డు దాటడానికి వీపీఎన్ వాడినా, ఇండియాలో ఉన్న తాను అమెరికాలోనే ఉన్నట్లు ఇంట్లో మరొకరి చేత సర్టిఫికేషన్ చేయించినా, అది తాళం తీసుకోవడం కాదు, మోసం కేసును చేతులారా తెచ్చుకోవడం.

తాళం పడినవారు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది, దాన్ని సహాయ పేజీలు ఎంతో అరుదుగా నొక్కి చెబుతాయి: ఖాతా ఆగినా గడువు ఆగదు. సర్టిఫికేషన్ వారాలు గడిచిపోతూనే ఉంటాయి, నిర్ణయాల మీద అప్పీలు గడువు కరిగిపోతూనే ఉంటుంది. ఆ గడువు కాలిఫోర్నియాలో 30 రోజులు, టెక్సస్‌లో 14 రోజులు. అందుచేత ఖాతా మరమ్మతునూ క్లెయిమ్ కొనసాగింపునూ రెండు వేరు పనులుగా చూసి, రెండూ ఏకకాలంలో నడపాలి. వెబ్‌సైటు తెరుచుకోకపోతే ఫోన్ ద్వారానో, కాలిఫోర్నియాలోలాగా తపాలాలో పంపే కాగితం ఫారం ద్వారానో సర్టిఫికేషన్ ఇచ్చే మార్గాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ప్రయత్నించిన తేదీ, సమయం, తెర మీద కనిపించిన సందేశం ఫోటో, ఫోన్‌లో మాట్లాడిన ఉద్యోగి ఇచ్చిన సూచన ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతే, ఆలస్యానికి తగిన కారణం చూపమన్న రోజున ఆ పుస్తకమే సాక్ష్యమవుతుంది. గుర్తింపు తనిఖీ ఆన్‌లైన్‌లో విఫలమైనవారికి కొన్ని రాష్ట్రాల్లో తపాలా కార్యాలయానికి స్వయంగా వెళ్లి కార్డు చూపించే వీలు కల్పించారు. ఆర్కెన్సా మొదట దీన్ని ప్రయోగాత్మకంగా అమలుచేసింది. ఏదీ పనిచేయనప్పుడు తమ ప్రాంతపు రాష్ట్ర శాసనసభ్యుడి కార్యాలయానికి రాయడం అక్కడ పైరవీగా పరిగణించరు. నియోజకవర్గం ప్రజల ఇలాంటి చిక్కులను శాఖ దృష్టికి తీసుకెళ్లడం కోసమే ఆ కార్యాలయాల్లో సిబ్బంది ఉంటారు. డబ్బు తీసుకుని ఖాతా తెరిపిస్తామనే వెబ్‌సైట్లు మాత్రం రాష్ట్ర శాఖవి కావు, దరఖాస్తుకు ఏ రాష్ట్రమూ రుసుము తీసుకోదు.

తెరవని ఖాతా ఎంత దూరం తీసుకెళ్లగలదో మిషిగన్ రాష్ట్రం ఉదాహరణ చూపిస్తుంది. 2013 అక్టోబరులో అక్కడ మైడాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మోసాలను తానే కనిపెట్టి తానే తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. యజమాని ఇచ్చిన లెక్కకూ క్లెయిమ్‌దారు ఇచ్చిన లెక్కకూ తేడా కనిపిస్తే అది ప్రశ్నావళి పంపేది. అనేక సందర్భాల్లో ఆ ప్రశ్నావళి చేరింది మనిషి చేతికి కాదు, అతని ఆన్‌లైన్ ఖాతాలోకి. కొత్త ఉద్యోగం దొరికి, ఆ ఖాతాతో పనిలేక ఎన్నడో మరిచిపోయినవారు దాన్ని చూడనేలేదు. గడువులోగా జవాబు రాకపోవడమే మోసానికి రుజువుగా తీసుకుని, అందుకున్న సొమ్ము తిరిగి కట్టడంతో పాటు దానికి నాలుగు రెట్ల జరిమానా విధించారు. జీతాల్లో కోతలు, పన్ను వాపసుల స్వాధీనం జరిగాయి. మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే తేల్చిన 22,000 పైచిలుకు కేసులను తర్వాత తిరగదోడితే 93 శాతం తప్పని తేలింది. 2022 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు బాధితులు నష్టపరిహారం కోరవచ్చని చెప్పగా, అదే ఏడాది 2 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. భృతి ‘చెల్లవలసిన సమయానికి’ పూర్తిగా చెల్లాలని సామాజిక భద్రతా చట్టమే అంటుంది. 1971లో కాలిఫోర్నియా శాఖకూ జావా అనే క్లెయిమ్‌దారుకూ మధ్య నడిచిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అర్హత తేలిన భృతిని యజమాని అప్పీలు పెండింగులో ఉందన్న సాకుతో ఆపకూడదని ఆ మాటకు బలం చేకూర్చింది. మొదటి చెల్లింపుల్లో 87 శాతం రెండు మూడు వారాల్లోపు అందాలని కేంద్ర కార్మిక శాఖ ప్రమాణం పెట్టింది కూడా. అయితే ఆ ప్రమాణాన్ని అందుకోవలసిన యంత్రాలు ఏ కాలానివో 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ చేసిన విజ్ఞప్తితో లోకానికి తెలిసింది: తమ భృతి వ్యవస్థ నడిచే పాత మెయిన్‌ఫ్రేములకు కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలని ఆయన బహిరంగంగా అడిగారు. కోబాల్ 1959లో రూపుదిద్దుకున్న కంప్యూటర్ భాష. 1990ల చివర వై2కే మరమ్మతుల కోసం అమీర్‌పేటలో అదే భాష నేర్చుకుని విమానమెక్కిన తరం ఇప్పుడు న్యూజెర్సీలోనే స్థిరపడి, పిల్లలను కాలేజీలకు పంపుతోంది. ఆ విజ్ఞప్తిని టీవీలో చూసి ముసిముసిగా నవ్వుకున్న ఇళ్లు ఎడిసన్ పట్టణంలో తక్కువ ఉండి ఉండవు. ముందు వైపు రంగురంగుల కొత్త పేజీ, వెనుక అరవై ఏళ్ల నాటి లెక్కల పుస్తకం ఉన్నచోట, రెండిటి మధ్య వివరాలు ఆలస్యంగా సరిపోలడం వల్ల కూడా ఖాతాలు ఆగుతుంటాయని, అది దరఖాస్తుదారు తప్పు కాదని గ్రహిస్తే అనవసరపు కంగారు కొంత తగ్గుతుంది.

భృతితో బంధం చివరి వారంతో తెగిపోదు. ఆ సొమ్ము మీద కేంద్ర ఆదాయపు పన్ను ఉంది గనుక, మరుసటి జనవరి ఆఖరులోగా రాష్ట్రం 1099-జీ అనే ఫారం విడుదల చేస్తుంది. కొన్ని రాష్ట్రాలు దాన్ని తపాలాలో పంపితే, కొన్ని ఖాతాలోనే పెట్టి ఊరుకుంటాయి. అసలు ఎన్నడూ క్లెయిమ్ చేయనివారి ఇంటికి ఆ ఫారం వచ్చిందంటే వారి పేరుతో ఇంకెవరో డబ్బు తీసుకున్నట్లు, వెంటనే రాష్ట్ర శాఖకు తెలిపి సవరించిన ఫారం అడగాలి. నిజంగా తీసుకున్నవారికైతే, కొత్త ఉద్యోగంలో కుదురుకుని నెలలు గడిచాక, పన్ను రిటర్ను వేసే వేళ అదే లాగిన్ పేజీ మళ్లీ ఎదురవుతుంది. అప్పటికి పాస్‌వర్డ్ ఎటూ గుర్తుండదు. ఖాతాలో రాసి ఉన్న ఫోన్ నంబరు ఇంకా తనదే అయితే ఓటీపీ వస్తుంది, కాకపోతే తపాలాలో వచ్చిన ఆ పది అంకెల కాగితం ఏ సొరుగులో పెట్టారో ఇల్లంతా వెతుక్కోవాలి.